కీబోర్డు కడగొచ్చా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

తొలకరి పడ్డాక గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం కీబోర్డుల గురించే. గాల్లో తేమ, తీరం వైపు ఉప్పు, మిల్లుల దగ్గర ఊక దుమ్ము: ఈ మూడూ మన వైపు కీబోర్డులను తినేస్తున్నాయి. ముందుగా ఒక్క మాట. కీబోర్డును పాడుచేసేది ఉత్త నీళ్లు కాదు. నీళ్లలో కరిగి లోపల మిగిలిపోయే చక్కెర, ఉప్పు పాడుచేస్తాయి. సరిగ్గా ఆరకముందే కరెంటు పెట్టడం పాడుచేస్తుంది. కింది జవాబుల్లో చాలావరకు ఈ రెండింటి చుట్టూనే తిరుగుతాయి.

ప్రశ్న: మా కిరాణా కొట్టులో బిల్లింగ్ కీబోర్డు మీద టీ ఒలికింది. రెండు రోజులు ఎండలో పెట్టాం. అయినా ఒక వరసలో కొన్ని కీలు పనిచేయడం లేదు, కొన్ని నొక్కితే లేవడం లేదు. ఏం చేయమంటారండీ? (పాలకొల్లు)

ఎండకు నీళ్లు ఆరిపోయాయి, చక్కెర మాత్రం పాకంలా లోపలే ఉండిపోయింది. మీది మామూలు మెంబ్రేన్ కీబోర్డు అయివుంటుంది. ఇందులో కీల కింద రబ్బరు బుడిపెలు, వాటి కింద మూడు పల్చటి ప్లాస్టిక్ షీట్లు ఉంటాయి. పై షీటు మీదా కింది షీటు మీదా సన్నటి గీతలు అచ్చు వేసి ఉంటాయి. మధ్య షీటుకు చిల్లులుంటాయి. కీ నొక్కినప్పుడు పై గీత ఆ చిల్లు గుండా కింది గీతను తాకాలి. చక్కెర పొర అడ్డుపడితే తాకదు, అంటుకుపోతే వదలదు.

వైరు పీకేయండి. కీలు ఉన్న తీరును ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. కీబోర్డును బోర్లించి వెనక స్క్రూలన్నీ తీయండి. చుట్టూ తీసినా మధ్యలో వదలకపోతే స్టిక్కరు కిందో రబ్బరు కాలు కిందో ఒక స్క్రూ దాగి ఉన్నట్టే. అంచుల్లో ఉన్న కొక్కేలను స్క్రూడ్రైవరుతో కాకుండా పాత ఏటీఎం కార్డుతో విడదీయండి. బోర్లించి ఉంచే తెరవండి, లేకపోతే రబ్బరు బుడిపెలు ఇల్లంతా దొర్లుతాయి.

ఇక్కడ చాలామంది పొరపడేది స్పిరిట్ విషయంలో. చక్కెర స్పిరిట్‌లో దాదాపు కరగదు. ముందు గోరువెచ్చటి నీళ్లలో తడిపి బాగా పిండిన నూలుగుడ్డతో షీట్లను అద్దినట్టు తుడవండి. జిగురు పోయాకే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, అంటే మొబైల్ రిపేరు షాపుల్లో ఐపీఏ అని అమ్మే 99 శాతం ద్రావకంతో, పైపైన తుడవండి. నల్లటి కార్బన్ చుక్కల మీద మాత్రం ఐపీఏ పెట్టి రుద్దకండి, ఆ పూత లేచిపోతుంది. షీట్లు మూడూ అక్కడక్కడా అతికించి ఉంటాయి. ఊడినంత మేరకే విడదీయండి, బలవంతంగా లాగొద్దు. రబ్బరు బుడిపెలను, కీలను సబ్బు నీళ్లలో కడిగేయొచ్చు.

ఫ్యాను కింద వేసవిలో 24 గంటలు, ఇప్పటి ముసురులో 48 గంటలు ఆరనిచ్చాకే బిగించండి. అప్పటికీ వరసంతా పలకకపోతే గీత తెగినట్టు. వెండి గీత నల్లబడి కనిపిస్తుంది. మల్టీమీటరుతో రెండు చివరలా చూస్తే రీడింగ్ రాదు. దానికి టంకం పెట్టలేం, షీటు కరిగిపోతుంది. కండక్టివ్ సిల్వర్ పెయింటుతో తెగిన చోట అతకొచ్చు కానీ, బిల్లింగ్ కౌంటరు కీబోర్డుకు అంత శ్రమ దండగ. కొత్తది కొనుక్కోండి.

ప్రశ్న: మాది డీటీపీ సెంటరు. టిక్కుటిక్కుమని శబ్దం చేసే పాత టీవీఎస్ గోల్డ్ కీబోర్డు ఇప్పటికీ వాడుతున్నాం. కొన్ని అక్షరాలు ఒకసారి కొడితే రెండుసార్లు పడుతున్నాయి. తెలుగు స్టిక్కర్ల జిగురు కూడా వదలడం లేదు. దీన్ని పారేయమంటున్నారు మావాళ్లు. (అమలాపురం)

పారేయకండి. మీ చేతిలో ఉన్నది మంచి వస్తువు. ఒక కీక్యాప్, అంటే వేలితో నొక్కే పై ముక్క, పీకి చూడండి. కింద కూడిక గుర్తు ఆకారంలో నీలం రంగు కాడ కనిపిస్తే అది చెర్రీ ఎంఎక్స్ బ్లూ స్విచ్. ఇలా ప్రతి కీకి విడి స్విచ్ ఉండేదాన్ని మెకానికల్ కీబోర్డు అంటారు. అందుకే ఒక్కొక్కటిగా బాగుచేసుకోవచ్చు.

అక్షరం రెండుసార్లు పడటానికి కారణం స్విచ్ లోపలి రేకుల మధ్య మురికి. నొక్కిన క్షణంలో అవి తాకి, విడిపోయి, మళ్లీ తాకుతాయి. కంప్యూటరు దాన్ని రెండు దెబ్బలుగా లెక్కేస్తుంది.

వైరు తీసేసి, ఆ కీక్యాప్ పీకి, నీలం కాడను వేలితో కిందికి నొక్కి పట్టుకోండి. ఇంజెక్షన్ సిరంజితో 99 శాతం ఐపీఏ 2, 3 చుక్కలు కాడ పక్క సందులో వేయండి. వెంటనే 50 సార్లు చకచకా నొక్కండి. కీబోర్డు బోర్లించి ఒక నిమిషం ఉంచితే మురికి కిందికి కారుతుంది. ఇలా రెండు విడతలు చేసి, 2 గంటలు ఆరనిచ్చి చూడండి. ఎక్కువ స్విచ్‌లు దీంతోనే దారికొస్తాయి. మందుల షాపు స్పిరిట్ వాడొద్దు, అందులో నీళ్లు ఎక్కువ. శానిటైజర్ అసలే వద్దు, గ్లిజరిన్ మిగిలి జిగురవుతుంది. ఐపీఏ ఇట్టే అంటుకుంటుంది కనుక గదిలో అగరొత్తి కూడా వెలిగి ఉండకూడదు.

దారికి రాని స్విచ్‌కు ఒక ఉపాయం ఉంది. స్క్రోల్ లాక్, పాజ్ కీలను డీటీపీలో ఎవరూ ముట్టుకోరు. వాటి కింద ఉన్నదీ అదే స్విచ్. దాన్ని తీసి చెడిపోయిన అక్షరం చోట పెట్టండి. ఒక్కో స్విచ్‌కు రెండు లోహపు కాళ్లుంటాయి. 350 డిగ్రీల దగ్గర సోల్డరింగ్ ఐరన్ ఉంచి, ముందు కొంచెం కొత్త టంకం కలపండి. పాత టంకం తేలిగ్గా కరిగేది అప్పుడే. కరగగానే పంపుతో పీల్చండి. ఒక్కో కాలి దగ్గర ఐరన్ 3 సెకన్లకు మించి ఉంచొద్దు. రెండు కాళ్లూ కదులుతున్నాయని చూసుకున్నాకే, స్విచ్‌లను పట్టి ఉంచే లోహపు రేకు ఉంటే, దాని పైన స్విచ్ రెండు వైపులా ఉన్న కొక్కేలను నొక్కి పైకి లాగండి. టంకం పూర్తిగా పోకుండా లాగితే బోర్డు మీది రాగి వలయం స్విచ్‌తో పాటే ఊడొస్తుంది. మెకానిక్కుల దగ్గర బోర్డులు పోయేది ఎక్కువగా ఇక్కడే.

కీక్యాప్‌లు తీయడానికి తీగ పుల్లర్ మంచిది. ప్లాస్టిక్ రింగు రకం పక్కలను గీస్తుంది. తిన్నగా పైకి లాగండి. స్పేస్, ఎంటర్, షిఫ్ట్ లాంటి పెద్ద కీల కింద స్టీలు తీగ తగిలించి ఉండొచ్చు. ఒక పక్క లేపి తొంగిచూసి, తీగను కొక్కెం నుంచి తప్పించాకే తీయండి.

స్టిక్కరు జిగురుకు మీ ఊళ్లోనే మందుంది, కొబ్బరి నూనె. అయితే కీక్యాప్ పీకిన తర్వాతే రాయాలి. నూనె చుక్క స్విచ్‌లోకి దిగితే ఇంకో తలనొప్పి. పావుగంట నాననిచ్చి గోటితో నెడితే జిగురు ఉండలు కట్టి వచ్చేస్తుంది. థిన్నరు, నెయిల్ పాలిష్ రిమూవరు తగిలితే ప్లాస్టిక్కే కరిగిపోతుంది. తర్వాత 2 లీటర్ల గోరువెచ్చటి నీళ్లలో ఒక చెంచా గిన్నెల లిక్విడ్ కలిపి, 2 గంటలు నానబెట్టి, మెత్తటి టూత్‌బ్రష్‌తో తోమండి. మరిగే నీళ్లు పోస్తే క్యాప్‌లు వంకరపోతాయి. కడిగాక ఒక్కోదాన్నీ విదిలించండి. క్యాప్ లోపలి కూడిక గుర్తు చిల్లులో ఒక నీటి చుక్క ఇరుక్కుని ఉంటుంది, పైకి ఆరినట్టు కనిపించినా అది పోదు. ఆ చుక్కే రేపు స్విచ్‌లోకి దిగుతుంది.

ప్రశ్న: రైస్ మిల్లు ఆఫీసు కీబోర్డులో కీలు బిగుసుకుపోతుంటే డబ్ల్యూడీ-40 కొట్టాం. వారం బాగుంది, ఇప్పుడు ఇంకా అధ్వానంగా ఉంది. (మండపేట)

అది తుప్పు వదిలించి నూనె పొర మిగిల్చే స్ప్రే. ఆ పొర మీద ఊక దుమ్ము పట్టి ముద్దయింది. ఊకలో సిలికా ఉంటుంది, గరుకుగా ప్లాస్టిక్‌ను అరగదీస్తుంది కూడా. మెకానికల్ కీబోర్డయితే పైన చెప్పిన ఐపీఏ పద్ధతి నాలుగైదు విడతలు చేయండి. మెంబ్రేన్ అయితే విప్పి, కీలను, అవి దిగే గొట్టాలను సబ్బు నీళ్లతో కడగండి. ఇకమీదట వారానికోసారి బోర్లించి బ్లోయరు కొట్టండి, అడుగు దూరం నుంచి, ఏటవాలుగా. మిల్లు నడిచే వేళ వాడకపోతే గుడ్డ కప్పి ఉంచండి.

తడిసిన కీబోర్డును బియ్యం బస్తాలో పెట్టొచ్చా అని కూడా అడిగారు. వద్దు. బియ్యపు తవుడు, పిండి లోపలికి పోవడమే తప్ప ఫ్యాను గాలి కంటే తొందరగా ఆరదు.

ప్రశ్న: నా పాత తెల్ల కీబోర్డు పసుపు పచ్చగా మారింది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్లబడుతుందని విన్నాను. నిజమేనా? (కాకినాడ)

నిజమే. ఏబీఎస్ అనే ప్లాస్టిక్ అతినీలలోహిత కిరణాలకు, వేడికి, గాలిలోని ఆక్సిజన్‌కు ఏళ్ల తరబడి గురై పచ్చబడుతుంది. పాత కంప్యూటర్లు సేకరించేవాళ్లు 2008 నుంచి పెరాక్సైడ్‌నూ ఎండనూ కలిపి ఈ రంగు తీస్తున్నారు.

మందుల షాపులో దొరికే 6 శాతం ద్రావణం చాలు. కీక్యాప్‌లను ముందు సబ్బుతో కడగాలి, జిడ్డు ఉన్నచోట మచ్చలు మిగులుతాయి. గాజు లేదా పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. స్టీలు గిన్నె వద్దు, లోహం తగిలితే పెరాక్సైడ్ విరిగిపోతుంది. క్యాప్‌లు మునిగేదాకా పోయండి. బుడగలు పట్టి పైకి తేలతాయి కాబట్టి గంటకోసారి తిప్పుతూ ఉండాలి, లేదంటే తేలిన వైపు చారలు పడతాయి. మూత వదులుగా పెట్టండి. ఆక్సిజన్ పుడుతూనే ఉంటుంది, బిగిస్తే డబ్బా పేలుతుంది. చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

మంచి ఎండలో 6 నుంచి 8 గంటలు. ఎండ కిరణాలు కావాలి గానీ వేడి అక్కర్లేదు. రోహిణీ కార్తె ఎండలో డబ్బా చేయి పెట్టలేనంత కాగుతుంది, పల్చటి క్యాప్‌లు వంగుతాయి. ఆ రోజుల్లో పొద్దున 11 లోపే ముగించి, మర్నాడు కొత్త ద్రావణంతో కొనసాగించండి. చలికాలపు ఎండకు రెండు, మూడు రోజులు పడుతుంది. మబ్బు రోజుల్లో మొదలుపెట్టకండి.

ముందు పాజ్ కీ ఒక్కటే వేసి పరీక్షించండి. పైన అచ్చువేసిన అక్షరాలైతే వెలిసిపోవచ్చు. బ్యూటీపార్లర్ వాళ్లు వాడే 12 శాతం పెరాక్సైడ్ క్రీము పూసి ప్లాస్టిక్ కాగితం చుట్టే పద్ధతి కూడా ఉంది, కీబోర్డు పై డొప్ప లాంటి పెద్ద భాగాలకు అదే సులువంటారు. క్రీము ఎండిపోయిన చోట తెల్లటి మరకలు పడి మళ్లీ పోవు. పెద్ద టబ్బు వెతుక్కుని ముంచడమే మేలని మా అభిప్రాయం. తెల్లబడ్డాక కూడా కిటికీ పక్కన పెడితే కొన్నేళ్లకు మళ్లీ పచ్చబడుతుంది.

ప్రశ్న: లంకలో ఉంటాం. వరద నీళ్లు ఇంట్లోకి వచ్చి కీబోర్డు మునిగింది. పనికొస్తుందా? (రాజోలు దగ్గర నుంచి)

మెకానికల్ అయితే పనికొచ్చే అవకాశం బాగానే ఉంది. ఒండ్రు ఎండకముందే పని మొదలుపెట్టాలి. ఎండితే స్విచ్ లోపల సిమెంటులా గట్టిపడుతుంది. వెంటనే కడిగే వీలు లేకపోతే మంచినీళ్ల బకెట్లోనే ఉంచండి, ఎండబెట్టకండి. విప్పి, నీళ్లు తేటగా వచ్చేవరకు కడుగుతూ కీలు నొక్కండి. కోనసీమలో సముద్రం వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి కాబట్టి ఆఖరి కడుగు బ్యాటరీ షాపులో అమ్మే డిస్టిల్డ్ వాటర్‌తో చేయండి. బ్యాటరీ యాసిడ్ కూడా అక్కడే అమ్ముతారు, సీసా చూసి కొనండి. తర్వాత ఐపీఏ పోసి నీటిని తరిమి, ఫ్యాను కింద 4 రోజులు ఉంచండి. ఆత్రపడి మధ్యలో కంప్యూటరుకు తగిలించారో, తడి మీద కరెంటు పారి రాగి గీతలు పచ్చటి చిలుము పట్టి తెగిపోతాయి. మెంబ్రేన్ రకమైతే ఆశ వదులుకోండి.

ప్రశ్న: అటక మీద పెట్టిన మెకానికల్ కీబోర్డు కీల కింద రేకు తుప్పు పట్టింది. (నరసాపురం)

చుక్కలు చుక్కలుగా ఉంటే క్యాప్‌లు తీసి, 600 నంబరు గరుకు కాగితంతో ఆ చుక్కల వరకే రుద్దండి. రాలిన ఇనుప పొడి స్విచ్‌లో పడితే షార్టవుతుంది కాబట్టి చుట్టూ ఉన్న స్విచ్‌ల మీద ముందే టేపు అంటించి, అయ్యాక పొడిని అయస్కాంతంతో ఎత్తేయండి. తర్వాత రంగులేని నెయిల్ పాలిష్ సన్నటి బ్రష్‌తో ఆ చుక్కల మీదే వేయండి, స్విచ్‌కు తగలనివ్వకండి. దాచేటప్పుడు గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి. నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగితే తేమ నిండినట్టు. సన్నటి సెగ మీద వేడిచేస్తే మళ్లీ నీలమవుతాయి, కాకపోతే ఆ పెనం వంటకు వాడకూడదు.

ప్రశ్న: బరువైన పాత ఐబీఎం కీబోర్డు దొరికింది. గుండ్రటి పిన్ను. పది రూపాయల యూఎస్‌బీ ముక్క తగిలిస్తే పనిచేయలేదు. చెడిపోయిందా? (రాజమండ్రి)

చెడిపోయిందని అప్పుడే అనుకోకండి. ఆ ముక్కలో తీగలు కలపడం తప్ప ఏమీ ఉండదు. గుండ్రటి పిన్ను వాడే పీఎస్/2, యూఎస్‌బీ అనే రెండు భాషలూ తెలిసిన కీబోర్డుకే అది సరిపోతుంది. మీ దానికి లోపల చిప్ ఉన్న పీఎస్/2 కన్వర్టర్ కావాలి. పాత కంప్యూటరు గుండ్రటి రంధ్రంలోనే పెట్టి చూడాలనుకుంటే, కంప్యూటరు ఆపేసి పెట్టండి, నడుస్తుండగా కాదు. 1985లో వచ్చిన మోడల్ ఎం అయితే కీ కింద స్ప్రింగు ఉంటుంది, వెనక నాలుగు స్క్రూలకు 5.5 మిల్లీమీటర్ల సన్నటి గొట్టం స్పానర్ కావాలి. ఊపితే లోపల ముక్కలు గలగలమంటే ప్లాస్టిక్ రివెట్లు విరిగాయన్నమాట. వాటి చోట చిల్లులు వేసి 2 మిల్లీమీటర్ల బోల్టులు బిగించడం ఒక రోజంతా పట్టే పని, కానీ చేయదగ్గదే.

ప్రశ్న: కడగలేదు, ఏమీ ఒలకలేదు. ఉన్నట్టుండి ఏ కీ కొట్టినా పడటం లేదు, గట్టిగా నొక్కి పట్టుకుంటేనే పడుతోంది. (భీమవరం)

విండోస్‌లో కుడివైపు షిఫ్ట్ కీని 8 సెకన్లు నొక్కి పట్టుకుంటే ఫిల్టర్ కీస్ అనే సదుపాయం మొదలవుతుంది. మోచేయి ఆనినా చాలు. మళ్లీ అదే కీని 8 సెకన్లు పట్టుకోండి, లేదా సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి ఆపేయండి. స్క్రూడ్రైవరు తీసే ముందు ఇది చూసుకోండి.

ప్రశ్న: కీబోర్డులోంచి చిట్టిచీమలు వస్తున్నాయి. హిట్ కొట్టొచ్చా? (రావులపాలెం)

వద్దు. దాని ద్రావకం ప్లాస్టిక్‌ను మచ్చలు చేస్తుంది, జిడ్డు లోపల మిగులుతుంది. చీమలు వచ్చింది తిండి కోసం. మెంబ్రేన్ అయితే విప్పి, రొట్టె పొడి, టీ మరకలు తుడిచి, గుడ్లు ఉన్న మూలలను ఐపీఏ అద్దిన దూదితో తీసేయండి. మెకానికల్ అయితే క్యాప్‌లన్నీ తీసి బ్రష్‌తో దులపండి. టేబుల్ మీద వైరు వచ్చే దారిని కూడా సబ్బు గుడ్డతో తుడవండి, వాటి బాట అక్కడే ఉంటుంది.