పెట్టెలో దొరికిన పాత డబ్బులకు 9 లక్షలు ఇస్తామంటున్నారు, నమ్మొచ్చా?

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. మా మామగారి ట్రంకు పెట్టెలో గుప్పెడు చిల్లి కానీలు, మూడు వెండి రూపాయలు (1917, 1919, 1944), హనుమంతుడి బొమ్మతో 1818 నాటి ఈస్టిండియా కంపెనీ బిళ్ల ఒకటి దొరికాయి. ఫోటోలు చూసి ఒకాయన ఫోన్‌లో 9 లక్షలు ఇస్తామన్నాడు. రిజిస్ట్రేషన్‌కని 2,500 పంపాను. ఇప్పుడు రిజర్వ్ బ్యాంకు అనుమతికని 18,000 అడుగుతున్నాడు. గొలుసు తాకట్టు పెట్టి కట్టనా? అమ్మాయి ఇంజనీరింగ్ ఫీజుకి అక్కరకొస్తాయని ఆశ.

జవాబు: వద్దమ్మా, గొలుసు ఇంట్లోనే ఉండనివ్వండి. పాత నాణేల అమ్మకాలకు రిజర్వ్ బ్యాంకు ఏ రుసుమూ, కమీషనూ తీసుకోదు. తన పేరుతో ఇలాంటి మోసాలు జరుగుతున్నాయని 2021 ఆగస్టులో తనే ప్రకటన ఇచ్చింది. ఈరోజే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి. డబ్బు పంపిన రసీదు, అతని నంబరు దగ్గర పెట్టుకోండి. ఆలస్యమైతే ఆ 2,500 వెనక్కి రావడం కష్టం.

ఇక మీ డబ్బుల సంగతి. నాణేనికి విలువ పాతదైనందుకు రాదు, అరుదైనందుకు వస్తుంది. యుద్ధకాలంలో రాగి కరువై, 1943 నుంచి 1947 దాకా మధ్యలో చిల్లి పెట్టి ఆ కానీలను కోట్లకు కోట్లు పోశారు. అందుకే ఒక్కొక్కటి మామూలుగా పదుల రూపాయల్లోనే పలుకుతుంది. హనుమంతుడి బిళ్లను కంపెనీ ఎన్నడూ ముద్రించలేదు. అది తర్వాతెవరో చేసిన బొమ్మ బిళ్ల. దేవుడి గూట్లో పెట్టుకోండి, లెక్కలో మాత్రం వేసుకోవద్దు.

నిజమైన విలువ మీ మూడు రూపాయలకే ఉంది. 1917, 1919వి ఒక్కొక్కటి 11.66 గ్రాములు, అందులో వెండి దాదాపు 10.7 గ్రాములు. 1940 నుంచి వెండి సగానికి తగ్గించారు కాబట్టి 1944 దాంట్లో 5.8 గ్రాములే. ఆవేళ్టి వెండి ధరతో హెచ్చవేయండి, అంతకు తక్కువకి ఇవ్వకండి. అదే ఆరో జార్జి బొమ్మతో 1939 రూపాయి అయ్యుంటే నేనే మిమ్మల్ని మంచి వేలంశాలకు పంపేవాణ్ణి. అది నిజంగా అరుదు, దానికి నకిలీలూ ఎక్కువే.

ఈ మూడూ అమ్మినా ఫీజుకి ఓ మూలకి రావు. 4 లక్షల వరకు చదువు రుణానికి బ్యాంకు తాకట్టు అడగకూడదు. అడ్మిషన్ లెటరు, ఫీజు వివరాలు పట్టుకుని ఈ వారమే మీ ఖాతా ఉన్న బ్రాంచికి వెళ్లండి.

ఇంకొకటి. 1917 రూపాయి ఫోటోలో మరీ తళతళలాడుతోంది. చింతపండుతో తోమారా? మిగతా రెండింటినీ ముట్టకండి. ఆ నల్లదనం పోతే సేకరించేవాళ్లు ధర తగ్గిస్తారు. అంచులు పట్టుకుని తీసి, విడివిడిగా కాగితంలో చుట్టి పెట్టండి.