పెటెన్ పటంలో రెండు వరుసలు అతకకపోవడం గురించి

2018 జనాభా లెక్కల పట్టికను పెటెన్ మునిసిపాలిటీల పటంతో జోడిస్తే రెండు వరుసలు అతకడం లేదని, ఫ్లోరెస్ మునిసిపాలిటీ మరీ పెద్దగా కనిపిస్తోందని అడిగారు. మీ పట్టికలో తప్పు లేదు, పటమే పాతది. గ్వాటెమాలలోని పెటెన్ డిపార్ట్‌మెంట్‌లో (అక్కడి రాష్ట్రం లాంటి విభాగం) 2011 వరకు 12 మునిసిపాలిటీలే ఉండేవి. ఆ ఏడాది లా లిబెర్తాద్ నుంచి లాస్ క్రూసెస్, 2014లో దొలోరెస్ నుంచి ఎల్ చాల్ విడిపోయాయి. అందుకే 2018 జనాభా లెక్కల్లోని 14 వరుసల్లో రెండు మీ పటంలో ఎక్కడా కూర్చోవడం లేదు.

1. వీలైతే 14 హద్దులున్న కొత్త పటం తీసుకోండి. 2018 లెక్కలు ఒక్కటే చూపాలంటే దీనితో పని అయిపోతుంది.

2. 2002 జనాభా లెక్కలతో పోల్చాలంటే మాత్రం కొత్త పటం చాలదు. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. 2018 పట్టికలో 1713 కోడ్ గల లాస్ క్రూసెస్‌ను 1705 లా లిబెర్తాద్‌లోనూ, 1714 ఎల్ చాల్‌ను 1708 దొలోరెస్‌లోనూ తిరిగి కలిపి, ఆ తర్వాతే పెరుగుదల శాతం లెక్కించండి. ఇలా కలపకపోతే, మాతృ మునిసిపాలిటీల నుంచి జనం వలస పోయారన్న అబద్ధపు కథను మీ పటం చెబుతుంది.

3. జనసాంద్రతకు విస్తీర్ణాలను కూడా అలాగే కలపండి.

4. చివరగా పెటెన్ మొత్తం జనాభా సరిచూడండి: 2002లో 3,66,735, 2018లో 5,45,600.

ఫ్లోరెస్ అంత పెద్దగా కనిపించడం పొరపాటు కాదు. పెటెన్ ఇత్సా సరస్సులోని చిన్న దీవి దాని కేంద్రం మాత్రమే. ప్రాచీన మాయా నగరమైన తికాల్ శిథిలాలు సైతం ఆ మునిసిపాలిటీలోనివే.