తప్పుల పుస్తకంలో తిట్లు ఎందుకు?

ప్రశ్న: డిగ్రీ పూర్తయి రెండేళ్లయింది. సాయంత్రాలు పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతూ బ్యాంకు పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) పరీక్షకు చదువుతున్నాను. రెండుసార్లు తొలి దశ అయిన ప్రిలిమ్స్‌లోనే ఆగిపోయాను. నాలుగింటికి లేవడం, వ్యాయామం, ధ్యానం, ఇంగ్లిష్ కోర్సు అన్నీ పట్టికగా రాసుకున్నాను. ఒక్కటి తప్పినా నా మీద నాకే అసహ్యం వేస్తోంది. ఇంకా ఎలా మెరుగుపడాలి?

జవాబు: మీరు పంపిన మాక్ టెస్టుల తప్పుల పుస్తకం ఫొటోలు చూశాను. ప్రతి తప్పుకూ ఎదురుగా ‘అజాగ్రత్త’, ‘సిగ్గులేదు’, ‘ఇక ఎప్పటికి నేర్చుకుంటావు’ అని ఉంది. తప్పు ఎందుకు జరిగిందో మాత్రం ఒక్కచోటా లేదు. ఎవరెక్కడ కూర్చున్నారో తేల్చే సీటింగ్ అరేంజ్‌మెంట్ దగ్గర ఎనిమిది నిమిషాలు పోయాయా? శాతాల లెక్కలో సున్నా జారిందా? తెలియని ప్రశ్నకు ఊహించి జవాబు గుర్తించారా?

ప్రిలిమ్స్‌లో 60 నిమిషాలకు 100 ప్రశ్నలు. తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో నాలుగో వంతు కోత. కాబట్టి వదిలేయడం కూడా ఇక్కడ ఒక నేర్పు. తనను తాను తిట్టుకునే మనిషికి అది అబ్బదు. వదిలిన ప్రతి ప్రశ్నా ఓటమిలాగే తోస్తుంది.

మెత్తబడితే బద్ధకిస్తానని మీ భయం కాబోలు. కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో ప్రచురించిన ఒక ప్రయోగంలో విద్యార్థులకు కష్టమైన పదాల పరీక్ష పెట్టారు. కొందరికి ‘ఇది చాలామందికి కష్టమే, మిమ్మల్ని నిందించుకోకండి’ అన్న ధోరణిలో చెప్పారు. మరికొందరిని తెలివైనవాళ్లని మెచ్చుకున్నారు. రెండో పరీక్షకు ఎక్కువసేపు చదివింది మొదటి బృందమే. పొగడ్త కూడా చేయలేని పని అది.

మీ ట్యూషన్ పిల్లవాడు లెక్క తప్పితే అతని నోటుపుస్తకంలో ‘సిగ్గులేదు’ అని రాస్తారా? ఏ మెట్టు దగ్గర తడబడ్డాడో చూపిస్తారు. ఆ మాస్టారినే మీ పుస్తకానికీ పిలవండి.

పట్టికలో వ్యాయామం ఉంచండి, అది మీకు ఇష్టమని రాశారు. ఇంగ్లిష్ కోర్సు పరీక్ష అయ్యేదాకా ఆపండి. నాలుగింటికి లేవడమూ కొట్టేయండి. ఆరున్నరకు లేచే నాకు ఆ నియమం మీద ఎప్పుడూ గురి లేదు. అసహ్యం వారాల తరబడి తగ్గకపోయినా, నిద్రా తిండీ దెబ్బతింటున్నా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.

రెండు వారాలు ప్రతి తప్పుకూ కారణం మాత్రమే రాసి, ఆ పేజీలు నాకు పంపండి. పట్టిక పంపకండి.