ఆల్టో 800లో వెనక ఆయిల్ సీల్ మార్చాలంటే గేర్‌బాక్స్ దింపాలని మెకానిక్ అంటున్నాడు, దింపాల్సిందేనా?

దింపాల్సిందేనండి, మీ మెకానిక్ చెప్పింది నిజమే. ఇంజిన్ ఆయిల్ బయటికి కారకుండా ఆపే ఆ రబ్బరు రింగు క్రాంక్‌షాఫ్ట్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) చివర, ఫ్లైవీల్ అనే బరువైన చక్రం వెనక ఉంటుంది. గేర్‌బాక్స్, క్లచ్, ఫ్లైవీల్ ఊడదీస్తే గానీ చెయ్యి అందదు. సీల్ ఖరీదు తక్కువే, డబ్బంతా లేబర్‌కే పోతుంది. అందుకే ముందు లీక్ ఎక్కడిదో తేల్చుకోండి.

మా పాత మారుతి 800కి కూడా ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసేచోట ఆయిల్ కారేది. చూసినవాళ్లంతా వెనక సీలే అన్నారు. ఒక పెద్దాయన మాత్రం ఇంజిన్ శుభ్రంగా కడిగించి, కొన్నాళ్లు నడిపి తెమ్మన్నాడు. తీరా చూస్తే ఇంజిన్ పైమూత (టాపెట్ కవర్) ప్యాకింగ్ దగ్గరే తడి! అక్కణ్ణుంచి వెనక్కి జారి కింద చుక్కలు పడుతున్నాయి. ప్యాకింగ్ మార్చాక చాలావరకు తగ్గింది గానీ పూర్తిగా ఆగలేదు. సీల్ కూడా పోయిందన్నమాట. అప్పుడు గేర్‌బాక్స్ దింపించాం.

దింపాక మొదట క్లచ్ ప్లేట్ చూడండి. దానికి ఆయిల్ పట్టి ఉంటే పెట్రోల్‌తో కడిగి మళ్లీ బిగిస్తామంటారు, ఒప్పుకోకండి, క్లచ్ మళ్లీ జారుతుంది. గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ నుంచి గేర్‌బాక్స్‌లోకి వెళ్లే ఇరుసు) సీల్ కూడా అక్కడే ఉంటుంది కాబట్టి అదీ వేయించేయండి. పాత సీల్ స్క్రూడ్రైవర్‌తో పెకలించేటప్పుడు షాఫ్ట్ మీద గీత పడితే కొత్తది కూడా కారుతుంది, దగ్గరుండి చూసుకోండి. కొత్త సీల్‌లో సన్న స్ప్రింగ్ ఉన్న వైపు ఇంజిన్ లోపలికి ఉండాలి. సీల్ పెదవికి (షాఫ్ట్‌కి ఆనే లోపలి అంచుకి) కాస్త ఇంజిన్ ఆయిల్ రాసి, ఒక పక్కకి ఒరగకుండా చుట్టూ సమానంగా నొక్కాలి. పాత సీల్ ఒరిపిడికి షాఫ్ట్ మీద గాడి పడిందేమో గోరుతో తడిమి చూడండి. పడి ఉంటే సీల్‌ని కొద్దిగా ముందుకో వెనక్కో కూర్చోబెడితే పెదవి నున్నటి చోట ఆనుతుంది.

చాలామంది వదిలేసేది ఇంజిన్ లోపలి ఆవిర్లు బయటికి పోయే దారి, అంటే బ్రీదర్ పైపు, పీసీవీ వాల్వ్. అవి జిడ్డుతో మూసుకుపోతే ఇంజిన్ లోపల ప్రెషర్ పెరిగి ఎంత మంచి సీల్ అయినా తన్నుకొస్తుంది. మా బండికి ఆ పైపు నల్లటి మడ్డితో దాదాపు మూసుకుపోయింది.

లీక్ క్రాంక్‌షాఫ్ట్ రెండో చివరనున్న ముందు సీల్‌దైతే గేర్‌బాక్స్ జోలికి వెళ్లక్కర్లేదు. టైమింగ్ బెల్ట్ (ఇంజిన్ వాల్వులను సరైన సమయానికి కదిలించే బెల్ట్) విప్పాలి, ఆయిల్‌లో నానిన బెల్ట్ మాత్రం మళ్లీ వాడొద్దు.

రోజుకి ఒకటి రెండు చుక్కలే పడుతుంటే టెన్షన్ పడకండి, డిప్‌స్టిక్‌తో ఆయిల్ మట్టం చూసుకుంటూ క్లచ్ మార్చే టైమ్ వచ్చేదాకా నడపొచ్చు. గేర్ వేశాక ఇంజిన్ అరుస్తోంది గానీ బండి లాగట్లేదంటే మాత్రం క్లచ్ జారుతున్నట్టే, వెంటనే గేర్‌బాక్స్ దింపించండి.