కూజాలో బాగుంది, తోటలో ఆగింది

ప్రశ్న: సార్, మాది పలాస దగ్గర ఊరు. బీటెక్ ప్రాజెక్టు కోసం తాతగారి జీడితోటలో నేల తేమ కొలిచే 12 వైర్‌లెస్ నోడ్లు పెట్టాం. ఇలాంటి చిన్న బోర్డుల ఆపరేటింగ్ సిస్టమ్ కాంటికి-ఎన్‌జీలో, ఏ నోడ్ ఎప్పుడు పంపాలో ఎప్పుడు వినాలో చూసే ఆర్కెస్ట్రా వాడుతున్నాం, పరీక్ష కోసం ఒక్కో నోడ్ సెకనుకో ప్యాకెట్ పంపుతోంది. నోడ్లని కంప్యూటర్‌లోనే నడిపి చూసే కూజా సిమ్యులేటర్‌లో అన్నీ చేరాయి. తోటలో మాత్రం చివరి రెండు నోడ్ల ప్యాకెట్లు చాలా పోతున్నాయి, యాంటెనాలు మార్చినా అంతే. ఆ రెండింటినీ మోసే నోడ్ అడ్రస్‌లో చివరి బైట్ 43, దాని పేరెంట్‌ది, అంటే అది ప్యాకెట్లు అందించే పై నోడ్‌ది, 77. రివ్యూ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది. "ఏటిరా, ఆ డబ్బాలు మాటాడుకుంటన్నాయా లేదా" అని తాత రోజూ అడుగుతున్నాడు.
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మాట్లాడుకుంటున్నాయనే చెప్పండి, వినడం దగ్గరే వచ్చింది తంటా.

ఆ బైట్లు రాసి మంచి పని చేశారు, జవాబు వాటిలోనే ఉంది. 2015లో వచ్చిన ఆర్కెస్ట్రాలో ఎవరు ఎప్పుడు పంపాలో నోడ్లు ఒకదాన్నొకటి అడగవు. సమయాన్ని స్లాట్లనే చిన్న ముక్కలు చేస్తే, మళ్లీ మళ్లీ తిరిగొచ్చే ఆ ముక్కల వరసే స్లాట్‌ఫ్రేమ్. ఒక్కో నోడ్ తన అడ్రస్ చివరి బైట్‌ని స్లాట్‌ఫ్రేమ్ పొడవుతో భాగించి, వచ్చిన శేషాన్నే తాను వినే స్లాట్‌గా పెట్టుకుంటుంది, దానికి పంపే నోడ్లూ ఆ స్లాట్‌లోనే పంపుతాయి. యూనికాస్ట్‌కి, అంటే ఒక నోడ్ ఇంకో నోడ్‌కి మాత్రమే పంపడానికి, మామూలుగా ఉండే పొడవు 17 స్లాట్లు. ఇప్పుడు 43ని 17తో భాగించండి, శేషం 9. 77ని భాగించినా 9 వస్తుంది. అంటే మీ మధ్య నోడ్ తన పిల్లల, అంటే ఆ చివరి రెండు నోడ్ల, మాట వినాల్సింది, పేరెంట్‌కి పంపాల్సింది ఒకే స్లాట్‌లో, పంపాల్సిన ప్యాకెట్ చేతిలో ఉంటే అది పంపుతుందే తప్ప వినదు. స్లాట్ 10 మిల్లీసెకన్లు కాబట్టి ఈ అవకాశం 170 మిల్లీసెకన్లకోసారి, సెకనుకి ఆరు కూడా నిండా రావు. వాటిలోనే రెండు వినాలి, తనదాంతో కలిపి మూడు పంపాలి. అదే పేరెంట్ కోసం ఇంకో నోడ్ పోటీకొచ్చి ఒకటి రెండు ప్యాకెట్లు మళ్లీ పంపాల్సి వచ్చిందా, ఇక అయిపోయినట్టే.

కూజాలో నోడ్లకి మీరు 1 నుంచి 12 వరకూ వరస నంబర్లు ఇచ్చి ఉంటారు, అప్పుడు శేషాలు కలిసే దారే లేదు. (పేరు మన మంచినీళ్ల కూజాదే, అందులో అన్నీ చల్లగానే ఉంటాయి!) అదే చివరి బైట్లు ఎలా పడితే అలా ఉన్న 12 బోర్డులు తీసుకుంటే, ఏవో రెండు ఒకే స్లాట్‌లో పడే అవకాశం 99 శాతం పైమాటే. అన్నీ హాని చేయవు గానీ పేరెంట్, పిల్ల మధ్య పడితే మాత్రం ఇలాగే ఉంటుంది. విజయనగరం దగ్గర ఓ మామిడితోటలో నేనూ వారం రోజులు యాంటెనాలనే తిట్టుకున్నాను లెండి.

ముందు కూజాలో నోడ్ ఐడీలుగా బోర్డుల అసలు చివరి బైట్లే ఇచ్చి, తోటలో ఉన్న వరసలోనే నిలబెట్టి చూడండి. తప్పు అక్కడా కనిపిస్తే సగం పని అయినట్టే. తర్వాత అన్ని నోడ్లలోనూ 17ని 19 చేయండి, 43కి 5, 77కి 1 వస్తాయి, విడిపోతాయి. మిగతా జతలు కొత్తగా కలిశాయేమో కాగితం మీద లెక్కేసుకోండి. యాంటెనా, పొడవు, పంపే వేగం ఒకేసారి మార్చేస్తే మాత్రం దేనివల్ల బాగుపడిందో మీకే తెలీదు.

ఎండ సంగతీ చూసుకోండి, వేడికి బోర్డుల గడియారాల వేగం మారుతుంది. రెండు బోర్డుల గడియారాలు 40 పీపీఎం (పది లక్షల్లో 40 వంతుల) తేడాతో నడిస్తే, వినే నోడ్‌కి అటూ ఇటూ ఉండే 1.1 మిల్లీసెకన్ల వెసులుబాటు 27 సెకన్లలో కరిగిపోతుంది, ఆలోపు మళ్లీ సమయం కలుపుకోవాల్సిందే.

రిపోర్టులో ఎన్ని చేరాయన్నదొక్కటే రాయకండి, ఒక్కో ప్యాకెట్‌ని ఎన్నిసార్లు పంపాల్సి వచ్చిందో కూడా లింకుల వారీగా రాయండి, ఎందుకంటే మూడుసార్లు పంపి చేర్చినా లెక్కలో నూటికి నూరే కనిపిస్తుంది, బ్యాటరీ మాత్రం ఖాళీ అవుతుంది. నేల తేమ సెకనుకోసారి మారదు కదా, పది నిమిషాలకోసారి పంపితే ఈ గొడవ దాదాపు బయటపడదు. ఆ వేగంతో ఒకటి, ఇప్పటి వేగంతో ఒకటి, రెండు ఫలితాలూ పక్కపక్కన పెట్టండి, రివ్యూలో అడిగేది అదే.