ఉప్పును ఈనేవి

సందేహం: మేం చెన్నై పెరంబూరులో ఉంటాం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. క్లోరిన్, అయొడిన్ లాంటి మూలకాలైన హాలోజన్లను తమిళంలో ‘ఉప్పీని’ అంటారని మా అబ్బాయి స్కూల్లో విని వచ్చాడు. మనం ‘లవణజాలు’ అనవచ్చా? లేక ‘ఉప్పీనులు’ అనుకోవచ్చా?

సమాధానం: లవణజాలు అనకండమ్మా, అర్థం తిరగబడుతుంది. జలజం నీటిలో పుట్టింది కదా, అలాగే లవణజం ఉప్పులో పుట్టిందవుతుంది. ఇక్కడ ఉప్పే బిడ్డ. గ్రీకులో ‘హాల్స్’ ఉప్పు, ‘జెన్’ పుట్టించడం. లోహంతో కలిసి లవణాన్నిస్తుందని 1811లో ష్వైగర్ అనే జర్మన్ శాస్త్రవేత్త క్లోరిన్‌కు ‘హాలోజన్’ అనే పేరు సూచించాడు. తర్వాత అది ఫ్లోరిన్, బ్రోమిన్, అయొడిన్లున్న కుటుంబం మొత్తానికీ ఇంటిపేరైంది. సంస్కృతంలోనే కావాలంటే ‘లవణజనకాలు’ సరైన మాట.

ఇక ఉప్పీని. ఎంత చక్కని మాట! ఉప్పు మనదీ, వాళ్లదీ. ఈను కూడా అంతే. ఆవు ఈనింది అంటాం, వరిచేను ఈనింది అంటాం. సంతలో గేదెను బేరమాడేటప్పుడు ‘ఇది ఎన్నో ఈత?’ అని అడిగే ఈత కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే. ఉప్పు, ఈని కలిస్తే ఉప్పీని కావడం మన ఉత్వసంధికీ సరిపోతుంది. అయినా తెలుగులో ఇది నిలవదని నా అభిప్రాయం. ‘ఆవు ఈని మూడు రోజులైంది’ అన్నప్పుడు ‘ఈని’ అంటే ఈనిన తరువాత అని. అందుకే తెలుగు చెవికి ఉప్పీని వస్తువు పేరులా కాక, సగంలో ఆగిన వాక్యంలా వినిపిస్తుంది. ‘ఉప్పును ఈనేవి’ అని విడదీసి చెప్తే మాత్రం పిల్లాడు జన్మలో మరిచిపోడు.

చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త. ఈ ఉప్పు కూరలో వేసేదొక్కటే కాదు. సోడియంతో క్లోరిన్ కలిస్తే వంటింటి ఉప్పు, పొటాషియంతో అయొడిన్ కలిస్తే పొటాషియం అయొడైడ్. రెండూ లవణాలే. అలాగని ప్రతి లవణానికీ హాలోజన్ తల్లి కాదు. బాణసంచాలో వాడే పెట్లుప్పు పొటాషియం నైట్రేట్, అందులో హాలోజన్ లేనే లేదు. పేరులో మాత్రం ఉప్పుంది.

మీ ఇంటి బిందె మూత తీయగానే అప్పుడప్పుడూ గుప్పుమనే బ్లీచింగ్ వాసన క్లోరిన్ కుటుంబానిదేనని అబ్బాయికి చూపించండి. పరీక్షలో మాత్రం ‘హాలోజన్లు’ అనే రాయమనండి.