అప్‌గ్రేడ్ మధ్యలో చచ్చుబడిన కంప్యూటర్: ఫార్మాట్‌కి ఇవ్వకండి, ముందు ఫైళ్లు బయటికి తీయండి

మీ ప్రశ్న చదవగానే మొన్న దసరా సెలవుల్లో మా ఇంట్లో గడిచిన రెండు రోజులు కళ్ల ముందు తిరిగాయి. విండోస్ 10 నుంచి 11కి వెళ్తుండగా కరెంటు పోయిందని, ఇప్పుడు బ్లూ స్క్రీన్ తప్ప ఏమీ రావట్లేదని, షాపతను ఫార్మాట్ కొట్టాల్సిందే అంటున్నాడని, సీ డ్రైవ్‌లో పాప పుట్టినప్పటి నుంచి తీసిన ఫొటోలన్నీ ఉన్నాయని రాశారు. దయచేసి ఫార్మాట్‌కి ఇవ్వకండి. విండోస్ లేవకపోతే ఫొటోలు పోయినట్టు కాదు. అప్‌గ్రేడ్ సీ డ్రైవ్‌ని చెరిపెయ్యదు, ఫైళ్లను అక్కడే ఉంచి పక్కన కొత్త విండోస్‌ని పేరుస్తుంది. మధ్యలో ఆగితే సాధారణంగా పాడయ్యేది విండోస్ లేచి నిలబడే పద్ధతి, అంటే బూట్ అవడం. మీ ఫైళ్లు డిస్క్‌లోనే ఉండే అవకాశం చాలా ఎక్కువ.

మా నాన్నగారు తెలుగు మాస్టారుగా రిటైరయ్యారు, తెనాలిలో ఉంటారు. 2019లో కొన్న డెస్క్‌టాప్ ఆయనది. ఎనిమిదో జనరేషన్ ఐ3 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్. విండోస్ 11కి అర్హత ఉన్న మెషీనే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోతాయని అప్పటికే తెలుసు, నేను హైదరాబాద్ నుంచి ఎలాగూ వచ్చాను, ఈ పని చేసి వెళ్దామని రాత్రి తొమ్మిదింటికి మొదలుపెట్టాను. బయట వాన. 41 శాతం దగ్గర కరెంటు పోయింది. ఇన్వర్టర్ అందుకుంది, ఫ్యాన్ ఆగనైనా ఆగలేదు. కంప్యూటర్ మాత్రం టక్కున ఆరి మళ్లీ వెలిగింది. ఆ తర్వాత ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని బ్లూ స్క్రీన్, రీస్టార్ట్, మళ్లీ అదే బ్లూ స్క్రీన్.

నాన్న పక్కనే కుర్చీలో కూర్చున్నారు. ‘శతకం ఉందా అమ్మా అందులో?’ అని ఒక్క మాట అడిగారు. నూట ఎనిమిది ఆటవెలదులు, మూడేళ్లుగా పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాంలో ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో ఆయనే టైప్ చేసుకుంటూ, దిద్దుకుంటూ వచ్చారు. చిత్తుప్రతి నోటు పుస్తకంలో ఉంది గానీ దిద్దుబాట్లన్నీ కంప్యూటర్‌లోనే. ఇంకో కాపీ ఎక్కడా లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున్నే రిపేరు చేసే అతనికి ఫోన్ చేస్తే మీకు చెప్పిన మాటే నాకూ చెప్పాడు. ఫార్మాట్ చేసి కొత్త విండోస్ వేసిస్తా, డేటాకి గ్యారంటీ లేదు. అతని వైపు నుంచి చూస్తే అది గంటలో తేలిపోయే పని. మన వైపు నుంచి చూస్తే విండోస్ ఎప్పుడైనా వేసుకోవచ్చు, ఫొటోలు మళ్లీ తీసుకోలేం. అందుకే ముందు ఫైళ్లు, తర్వాతే రిపేరు. ఈ వరస మాత్రం మార్చకండి. రిపేరు ప్రయత్నాల్లో ప్రతిదీ డిస్క్ మీద ఏదో ఒకటి రాస్తుంది, ఫైళ్లు బయటికి వచ్చేదాకా అక్కడ ఏమీ రాయనివ్వకపోవడమే క్షేమం.

ఇంకో మాట. అప్‌గ్రేడ్ ఇంకా శాతాలు చూపిస్తూ ఒకే అంకె దగ్గర నిలబడి ఉంటే, అది ఆగిపోయిందని తొందరపడి స్విచ్ ఆపకండి. క్యాబినెట్ మీద హార్డ్‌డిస్క్ లైటు మినుకుమంటూ ఉంటే లోపల పని జరుగుతోందని అర్థం. పాత హార్డ్‌డిస్క్‌లో గంటలు పడుతుంది. మీది ఆ దశ దాటిపోయింది కాబట్టి ముందుకు వెళ్దాం.

ప్రింటర్, పెన్‌డ్రైవ్, వెబ్‌క్యామ్ అన్నీ పీకేసి కీబోర్డు, మౌస్, మానిటర్ మాత్రం ఉంచండి. కంప్యూటర్ ఆన్ చేసి, లోగో కనబడగానే పవర్ బటన్ నొక్కి పట్టి ఆపేయండి. ఇలా రెండుసార్లు చేస్తే మూడోసారి సాధారణంగా దానంతటదే ఆటోమేటిక్ రిపేర్‌లోకి వెళ్తుంది. అక్కడ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో ట్రబుల్‌షూట్, మళ్లీ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో కమాండ్ ప్రాంప్ట్. దారిలో ‘రీసెట్ దిస్ పీసీ’ కనిపిస్తుంది. దాని జోలికి ఇప్పుడే వెళ్లొద్దు.

ఇక్కడ కొందరిని బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ సదుపాయం) రికవరీ కీ అడుగుతుంది. మా డెస్క్‌టాప్‌ని అడగలేదు గానీ, మా చెల్లి ల్యాప్‌టాప్‌ని ఓసారి అడిగింది. 48 అంకెల నంబరు అది. ఎప్పుడూ పెట్టుకోలేదే అని కంగారు పడకండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యే కంప్యూటర్లలో ఆ తాళం, అంటే ఎన్‌క్రిప్షన్, దానంతటదే ఆన్ అయి ఉండొచ్చు, అప్పుడు కీ ఆ అకౌంట్‌లోనే దాచి ఉంటుంది. ఫోన్‌లో అదే మెయిల్‌తో లాగిన్ అయి, డివైసెస్ కింద రికవరీ కీస్ చూడండి. స్క్రీన్ మీద కనిపించే కీ ఐడీ, అకౌంట్‌లోని ఐడీ ఒకటేనో కాదో సరిచూసుకుని టైప్ చేయండి. ఆ కీ దొరక్కుండా ఫార్మాట్ ఊసే ఎత్తకండి, కీ లేకపోతే డిస్క్ ఊడదీసి ఇంకోచోట పెట్టినా ఫైళ్లు తెరుచుకోవు.

కమాండ్ ప్రాంప్ట్ నల్లటి కిటికీ తెరుచుకున్నాక నాకు ప్రాణం లేచొచ్చిన కిటుకు చెప్తాను. పెన్‌డ్రైవ్ మళ్లీ తగిలించి, అక్కడ ‘నోట్‌ప్యాడ్’ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. మామూలు నోట్‌ప్యాడ్ తెరుచుకుంటుంది. అందులో ఫైల్, ఓపెన్ నొక్కండి. కింద ‘టెక్స్ట్ డాక్యుమెంట్స్’ అని ఉన్నచోట ‘ఆల్ ఫైల్స్’ ఎంచుకోండి. ఇప్పుడు మీ ముందున్నది చిన్నపాటి ఫైల్ ఎక్స్‌ప్లోరర్. దిస్ పీసీలోకి వెళ్లి డ్రైవులన్నీ చూడొచ్చు, ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ కొట్టి, పెన్‌డ్రైవ్‌లో పేస్ట్ చేయొచ్చు.

ఇందులో కంగారుపెట్టే విషయాలు రెండు మూడున్నాయి. డ్రైవుల అక్షరాలు మారిపోయి ఉండొచ్చు, మీ సీ డ్రైవ్ అక్కడ డీ అని కనబడొచ్చు. ఎక్స్ అని కనిపించేది రికవరీ తనకోసం తాత్కాలికంగా పెట్టుకున్నది, దాన్ని వదిలేయండి. యూజర్స్ ఫోల్డర్‌లో మీ పేరు లేకపోయినా, ఉండి ఖాళీగా కనిపించినా గుండె జారనివ్వకండి. ‘విండోస్.ఓల్డ్’ అనే ఫోల్డర్ ఉంటే దాని లోపలి యూజర్స్‌లో చూడండి, అప్‌గ్రేడ్ సగంలో ఆగినప్పుడు ఫైళ్లు అక్కడ ఉండిపోవడం మామూలే. ఇక పేస్ట్ కొట్టాక ఎంత శాతం అయిందో చూపించదు, కిటికీ బిగుసుకుపోయినట్టు ఉంటుంది. పెన్‌డ్రైవ్ లైటు చూస్తూ ఓపిక పట్టండి. ఒక్కో ఫోల్డరే కాపీ చేయండి. పెన్‌డ్రైవ్ ఎఫ్‌ఏటీ32 అనే పాత పద్ధతిలో ఉంటే 4 జీబీ దాటిన ఒక్క ఫైలు కూడా ఎక్కదు, పెళ్లి వీడియోలు అక్కడే ఆగిపోతాయి. ముందే వేరే కంప్యూటర్‌లో దాన్ని ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసుకోండి. ఆ పెన్‌డ్రైవ్‌లో ఇప్పటికే ఉన్నవి పోతాయి, అదీ చూసుకోండి.

నేను శతకం ఉన్న ఫోల్డర్‌తో మొదలుపెట్టాను. కాపీ అయ్యాక నా ల్యాప్‌టాప్‌లో పెట్టి తెరిచాను. పేజీ నిండా ఇంగ్లిష్ అక్షరాలు, గీతలు, డాలర్ గుర్తులు. నాన్న వెనక నిలబడి చూస్తున్నారు, ఆయన ముఖం పాలిపోయింది. ఫైల్ పాడవలేదు నాన్నా, ఫాంట్ లేదంతే అని చెప్పినా ఆయనకు నమ్మకం కలగలేదు. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే అన్ని కంప్యూటర్లకూ తెలిసిన తెలుగు అక్షరాలు కావు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లోనే తెలుగు రూపాలు కూర్చి ఉంటాయి, ఫాంట్ లేని మెషీన్‌లో అడుగున ఉన్న ఆ ఇంగ్లిష్ అక్షరాలే కనబడతాయి. మళ్లీ కమాండ్ ప్రాంప్ట్‌కి వెళ్లి విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్ ఫోల్డర్ మొత్తం తెచ్చుకుని, అందులోంచి నాన్న వాడే ఫాంట్లు నా ల్యాప్‌టాప్‌లో పెట్టి ఫైల్ మూసి తెరిచాను. మొదటి పద్యం నాలుగు పాదాలూ తెలుగులో నిలబడ్డాయి. నాన్న కళ్లజోడు సవరించుకుని పైకి చదివారు. నూట ఎనిమిదో పద్యం దాకా కిందకి జరిపించి చూశాకే కాఫీ తాగారు.

మీ ఇంట్లో ఎవరైనా డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చడం) చేసే అలవాటుంటే ఈ ఫాంట్స్ ఫోల్డర్ సంగతి మరిచిపోకండి. డాక్యుమెంట్స్, పిక్చర్స్ అందరూ తీసుకుంటారు, డెస్క్‌టాప్ మీద పడేసినవీ, డౌన్‌లోడ్స్‌లో ఉండిపోయినవీ, ట్యాలీ లాంటి లెక్కల ప్రోగ్రాములు వేరే ఫోల్డర్‌లో పెట్టుకునే డేటా కూడా చూసుకోండి.

నోట్‌ప్యాడ్‌తో ఫొటోలు మరీ నెమ్మదిగా వెళ్తుంటే ఇంకో దారి. డిస్క్ ఊడదీసి, యూఎస్‌బీతో తగిలించే ఎక్స్‌టర్నల్ కేసింగ్ అనే డబ్బాలో పెట్టి వేరే కంప్యూటర్‌కి తగిలించొచ్చు. డెస్క్‌టాప్‌లో వాడే పెద్ద సైజు హార్డ్‌డిస్క్‌కి యూఎస్‌బీ కరెంటు చాలదు, అడాప్టర్ ఉన్న కేసింగే తీసుకోవాలి. లేదంటే విండోస్ బదులు వాడే ఉచిత సిస్టం లినక్స్ మింట్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, దాంతో బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండానే ఫైళ్లు చూడొచ్చు. డ్రైవ్ ‘రీడ్ ఓన్లీ’గా తెరుచుకుంటే మంచిదే, మనకు కావాల్సింది చదవడమే. ఒకవేళ డిస్క్ నుంచి టక్ టక్ అని చప్పుడు వస్తుంటే ఇవేవీ వద్దు. వెంటనే ఆపేసి డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికే తీసుకెళ్లండి, ఒక్కసారి కూడా ఆన్ చేయొద్దు.

ఫైళ్లు రెండు చోట్ల భద్రంగా ఉన్నాయని తెరిచి చూసుకున్నాక రిపేరు. ఇక్కడ టెన్షన్ అక్కర్లేదు, చెడినా పోయేదేమీ లేదు. ముందు స్టార్టప్ రిపేర్ ప్రయత్నించండి. మాకు పని చేయలేదు. ‘అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్’లో ఫీచర్ అప్‌డేట్ తీసేసే ఆప్షన్ ఉంటుంది, కొందరికి దాంతోనే పాత విండోస్ తిరిగొస్తుంది. మాకు అదీ కాలేదు. అప్పుడు కమాండ్ ప్రాంప్ట్‌లో విండోస్ ఉన్న డ్రైవ్ మీద డిస్క్‌లో తప్పులు సరిచేసే చెక్‌డిస్క్‌ని (సీహెచ్‌కేడీఎస్‌కే అని టైప్ చేయాలి) స్లాష్ ఎఫ్‌తో నడిపాను. కొన్ని తప్పులు దొరికాయి, సరిచేసింది. తర్వాత డిస్క్‌లోని భాగాలను, అంటే వాల్యూములను, చూపించే డిస్క్‌పార్ట్‌లోకి వెళ్లి ‘లిస్ట్ వాల్యూమ్’ కొట్టాను. ఎఫ్‌ఏటీ32 అని, 100 ఎంబీ సైజుతో కనిపించిన చిన్న వాల్యూమే బూట్ ఫైళ్లు ఉండే చోటు. దాన్ని సెలెక్ట్ చేసి ఎస్ అనే అక్షరం కేటాయించి, డిస్క్‌పార్ట్ నుంచి బయటికొచ్చాను. ఆ తర్వాత బూట్ ఫైళ్లను కొత్తగా రాసే బీసీడీబూట్ కమాండ్: దాని పేరు, విండోస్ ఫోల్డర్ దారి, స్లాష్ ఎస్ తర్వాత ఎస్ కోలన్, స్లాష్ ఎఫ్ తర్వాత యూఈఎఫ్‌ఐ (ఈ కాలపు కంప్యూటర్లు బూట్ అయ్యే పద్ధతి). బూట్ ఫైళ్లు తయారయ్యాయని ఒక్క లైన్ వచ్చింది. రీస్టార్ట్ చేస్తే పాత విండోస్ 10 యథాతథంగా లేచింది. వాల్‌పేపర్ మీద అమ్మా నాన్నల ఫొటో కనబడేసరికి ఏడుపొచ్చింది నాకు.

బూట్ సరిచేయడానికి చాలామంది బూట్‌రెక్ ఫిక్స్‌బూట్ అనే కమాండ్ కొట్టమంటారు. ఈ కాలపు యూఈఎఫ్‌ఐ కంప్యూటర్లలో అది తరచుగా ‘యాక్సెస్ ఈజ్ డినైడ్’ అంటుంది, దాని చుట్టూ తిరగడం కన్నా బీసీడీబూట్ మేలు.

మీది ఎక్కువ శాతం దాకా వెళ్లి ఆగి ఉంటే విండోస్ ఫోల్డరే సగం సగంగా ఉండొచ్చు. అప్పుడు ఇది పని చేయదు. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్ల మీడియా క్రియేషన్ టూల్‌తో ఇన్‌స్టాలర్ చేసుకుని, దాంతో బూట్ చేసి, పాత సీ పార్టిషన్‌నే ఎంచుకోండి. పక్కనున్న ఫార్మాట్, డిలీట్ బటన్లు నొక్కొద్దు. పాతదంతా విండోస్.ఓల్డ్‌లోకి చేర్చి కొత్తది వేస్తుంది. ప్రోగ్రాములు మళ్లీ వేసుకోవాలి. ఆ విండోస్.ఓల్డ్ కొన్నాళ్లకు దానంతటదే పోతుంది, కావాల్సినవి వెంటనే తీసుకోండి.

మా ఇంట్లో అసలు పొరపాటు ఇన్వర్టర్ దగ్గర దొరికింది. దాని వెనక యూపీఎస్ మోడ్, ఎకో మోడ్ అని చిన్న స్విచ్ ఉంది. మాది ఎకోలో ఉంది. అందులో కరెంటు నుంచి బ్యాటరీకి మారడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఫ్యాన్‌కి అది తెలియదు, కంప్యూటర్ ఆరిపోవడానికి మాత్రం చాలు. మీరూ ఓసారి చూడండి. నేను దాన్ని యూపీఎస్‌కి మార్చి, కంప్యూటర్‌కి విడిగా చిన్న యూపీఎస్ కూడా కొన్నాను. హార్డ్‌డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ పెట్టి, విండోస్ 10ని అందులోకి ఉన్నదున్నట్టు కాపీ (క్లోన్) చేసి, దీపావళికి మళ్లీ వచ్చినప్పుడు పగటిపూట అప్‌గ్రేడ్ చేశాను. సాఫీగా అయింది.

మీకు పాత విండోస్ 10 లేస్తే ఆ రోజే మళ్లీ 11కి ఎక్కించాలని తొందరపడొద్దు. ఇళ్లల్లో వాడుకునేవాళ్లకి 2026 అక్టోబర్ 13 దాకా అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకునే వీలుంది, సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ దగ్గర నమోదు చేసుకోవచ్చు. ఈలోగా కారణం వెతుక్కోండి. ఎర్రర్ కోడ్‌లో 80070070 ఉంటే డిస్క్‌లో జాగా చాలలేదని, సీ1900101 ఉంటే చాలావరకు డ్రైవర్ల గొడవని అర్థం.

ఈరోజు ఫైళ్లు తీసే పని మాత్రం పెట్టుకోండి. ఎక్కడైనా ఆగితే బ్లూ స్క్రీన్ మీద ఉన్న ఇంగ్లిష్ లైను, డిస్క్‌పార్ట్‌లో కనిపించిన వాల్యూముల పట్టిక ఇక్కడ రాయండి. రాత్రి పదింటి దాకా మేలుకునే ఉంటాను, చూసి చెప్తాను.